‘అన్‌రిలయబుల్’ అను మాట



ఇంగ్లీషు చదువుకొను మన పిల్లలు ‘అన్‌రిలయబుల్’ అను మాటకు ‘నమ్మరానిది’ అని అర్థము వ్రాసికొందురు. తప్పు కాదు గాని అది చాలదు. ఇందులోని ‘రిలై’ అను క్రియ, గట్టిగా కట్టుట అని అర్థమిచ్చు లాటిను మాటనుండి వచ్చినది. ఇప్పుడు ఆధారపడుట అని దాని భావము. కాబట్టి మన బరువు మోపుటకు వీలుకానిది అన్‌రిలయబుల్. అబద్ధికునికి ఇంగ్లీషులో వేరే మాట కలదు. ఇది మంచి మనస్సుగలవానికిని చెల్లును. ‘రేపు వస్తానులే’ అని నిజముగానే తలంచి, తెల్లవారగానే మరచిపోవువాడు ఇట్టివాడే. మనిషినే గాక వార్తను, బస్సును, వానను గూర్చియు ఈ మాట వాడుదురు.

యోబు గ్రంథము 6వ అధ్యాయము 15 మొదలు 20 వరకు తీసి చూడుడి. యోబు తన స్నేహితులను వాగుతో పోల్చెను. మంచు కరగినప్పుడు పొంగి, ఎండ కాయగానే మాయమగు వాగు అది. దానిని నమ్మి దారి మళ్లిన తేమా, షేబ వర్తకులు సిగ్గుపడిరి. మన సీమలో మంచు లేదు గాని తక్కినదంతయు సరిపోవును. నంది కొండలలో పుట్టి, గండికోట లోయగుండ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దిక్కునకు వచ్చు పెన్న ఎన్ని వేసవులు ఇసుకగా పడియుండలేదు! ఆ పెన్నలోనే కలియు చెయ్యేరు 2021 నవంబరులో పొంగి, రాజంపేట దిక్కున అన్నమయ్య ఆనకట్టను తెంపివేసెను. పులివెందుల చీనీ తోటలవారిని అడుగుడి: బోరు ఎండినయెడల పోవునది ఒక పంట కాదు, ఏండ్ల తరబడి పెంచిన చెట్లు.

అయితే యోబు బాధ వాగునుగూర్చి కాదు. వాగు ఎవరికిని మాట ఇయ్యలేదు. మనిషి ఇచ్చును. పత్తి తీయుటకు రేపు రమ్మని ఒకామెను పిలిచి, తెల్లవారి వద్దన్నయెడల, ఆమె వేరొక చేని పని అప్పటికే వదలుకొనియుండును. చెప్పినవానికి అది చిన్న మార్పు. ఆమెకు ఒక దినపు కూలి.

ఈ మాటను మనిషికి తగిలించునప్పుడు మార్కు అను యోహానును జ్ఞాపకము చేసికొనవలెను. అతడు పంఫూలియలో పని విడిచి వెళ్లెను. మరల అతనిని వెంటబెట్టుకొని పోవుటకు పౌలు ఒప్పక, బర్నబాతోనే వేరుపడెను. పౌలు అన్యాయము చేసెనని మేము అనము. ఆ ప్రయాణపు భారము ఎంతటిదో అతడెరుగును. బర్నబా మాత్రము మార్కును ఓడ ఎక్కించుకొని కుప్రకు వెళ్లెను. ఏండ్లు గడచిన పిమ్మట, చెరలోనుండి తిమోతికి వ్రాయుచు, మార్కును తోడుకొని రమ్మనియు, అతడు తనకు పనికివచ్చుననియు ఆ పౌలే వ్రాసెను.