మోటారు యింజను నూనె త్రాగుట

లక్షమైళ్లు తిరిగిన కారు నూనె నధికముగా త్రాగుచున్నదనగానే యింజను విప్పింపరాదు. అది పెద్ద వ్యయము. ఉపేక్షించినను నూనె చాలక బేరింగులు చెడును.

నూనె కారుచున్నదా, కాలుచున్నదా? రాత్రి బండిక్రింద అట్ట పరచి చూడుడు. మరక లేనియెడల పొగను పరికింపుడు. నీలిపొగ నూనె కాలుటకు గుర్తు. ఉదయమున యింజను నడపగానే గుప్పున వెడలి మాయమైనచో దోషము సాధారణముగా వాల్వు సీళ్లది. రాత్రియంతయు నూనె వాల్వుకాడల వెంబడి సిలిండరులోనికి దిగియుండును. ఈ సీళ్లను మార్చుట పిస్టను పనికంటె చాల చవుక. మెట్ట నెక్కునపుడు ఎడతెగక వచ్చు పొగ రింగుల ననుమానింపజేయును.

అప్పుడు స్పార్కు ప్లగ్గు తీసి గేజితో కంప్రెషను కొలువవలెను. తక్కువగా నున్నచో ఆ రంధ్రమున చెమ్చాడు నూనె పోసి మరల కొలువుడు. హెచ్చినచో రింగులో సిలిండరో యరిగినవి. పోసిన నూనె ఆ సందులను కొంతసేపు పూడ్చును.

ఈ పరీక్షయు నొక్కొక్కప్పుడు మోసపుచ్చును. అడుగున నుండు నూనె రింగు మాత్రమే మసిపట్టి బిగిసినచో కంప్రెషను సరిగానే యుండును. 2007–2009 మాడలు టొయోటా కామ్రీ 2.4 లీటర్ల యింజనులు అధికముగా నూనె త్రాగుటచే అపకీర్తి పొందినవి. అమెరికాలో వాటిని 1,200 మైళ్లు నడిపి కొలిచిరి; క్వార్టునకు మించి తగ్గినవానికి కంపెనీవారు పిస్టనులు, రింగులు మార్చిరి. కొందరు చిక్కని నూనె పోసి బండి నమ్మివేయుదురు; అది వేరు విద్య. మనము బండిని సమతలమున నిలిపి, డిప్‌స్టిక్కు పైగీటువరకు నూనె నింపి, మైళ్లు వ్రాసికొని, వారమువారము కొలువవలెను. ఆ కాగితమును మిస్త్రీకి చూపుడు.