అప్పు వసూలు: ఏజెంటు గడప ఎప్పుడు తొక్కొచ్చు?

2010 అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది 1వ నంబరు చట్టమైంది. దాని ప్రకారం వడ్డీ అసలును మించరాదు. బాకీదారు వెంటపడటం, మాటిమాటికీ ఇంటికొచ్చి కూర్చోవడం, రేషన్ కార్డులాంటి పథకాల పత్రాలు గుంజుకుపోవడం బలవంతపు వసూళ్లే. మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

అసలు మెలిక ఇక్కడుంది: ఆర్‌బీఐలో నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు (ఎన్‌బీఎఫ్‌సీలకు) ఈ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. 2022లో ఆర్‌బీఐ పెట్టిన నిబంధనల ప్రకారం సూక్ష్మరుణం తీసుకున్నవారికి ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇద్దరూ అనుకున్న చోటే వసూలు. బాకీదారు అక్కడికి వరుసగా రెండుసార్లు రాకపోతేనే ఏజెంటు ఇంటికి రావొచ్చు. వేధిస్తే ముందు సంస్థకే ఫిర్యాదు రాసివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకుంటే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.