పోయిన చోటే వెతుక్కోవాలా? రీబై టోర్నమెంట్ వెనుక లెక్క

పేకాటలో పోగొట్టుకున్నవాళ్ళు ఒక మాట అంటుంటారు, పోయిన చోటే వెతుక్కోవాలి అని. పోకర్‌లో ఈ మాటనే రూల్‌గా పెట్టేసిన టోర్నమెంట్ ఒకటుంది. దాన్ని రీబై టోర్నమెంట్ అంటారు. ప్రాబబిలిటీ క్లాస్ తర్వాత సరదాగా మొదలుపెట్టి, ఒక ఎక్సెల్ షీట్ దగ్గర ఆగిపోయాను. ఆ కథ చివర్లో చెప్తా. (స్కూలంతా ఇంగ్లిష్ మీడియమే, వొత్తులు తప్పితే క్షమించండి.)

మామూలు టోర్నమెంట్‌లో చిప్స్ అయిపోతే ఇంటికే. రీబైలో అలా కాదు. మొదటి గంటో, మొదటి కొన్ని లెవెల్సో అయ్యేదాకా, చిప్స్ అయిపోయినా లేదా మొదట ఇచ్చినదానికంటే తగ్గినా మళ్ళీ డబ్బు కట్టి కొత్త చిప్స్ తీసుకోవచ్చు. ఆ టైమ్ అయ్యాక బ్రేక్‌లో యాడ్-ఆన్ అని ఇంకొకటి ఉంటుంది. అది సాధారణంగా ఒక్కసారే, అదే రేటుకు ఎక్కువ చిప్స్. ఆ తర్వాత షాపు క్లోజ్, ఓడితే ఓడినట్టే.

సంక్రాంతికి ఇంట్లో 101 పూల్ రమ్మీ ఆడినవాళ్ళకి రీజాయిన్ తెలిసే ఉంటుంది. అందులో తిరిగొస్తే అందరికంటే ఎక్కువ పాయింట్లు ఉన్నవాడి మీద ఇంకొకటి కలిపి మొదలుపెట్టాలి, అంటే వెనకబడ్డానని స్కోరే చెప్తుంది. పోకర్ రీబైలో మాత్రం ఫ్రెష్‌గా మొదలైనట్టు అనిపిస్తుంది. పక్కవాడి దగ్గర మూడింతలు చిప్స్ ఉన్నాయన్న సంగతి కాసేపు మర్చిపోతాం.

మా హాస్టల్ రూమ్‌లో మ్యాగీ ప్యాకెట్లతో ఒకటి ఆడాం. 8 మంది. ఎంట్రీకి ఒక ప్యాకెట్, 1000 చిప్స్. రీబైకి కూడా అంతే. యాడ్-ఆన్‌కి ఒక ప్యాకెట్, 2000 చిప్స్. చిప్స్ అంటే చింతపిక్కలు, ఒక్కో పిక్క 100. మొత్తం 13 రీబైలు, 6 యాడ్-ఆన్‌లు అయ్యాయి. అంటే టేబుల్ మీద 27 ప్యాకెట్లు, 33,000 చిప్స్.

ఇప్పుడు భాగించండి. 1000 చిప్స్ విలువ 0.82 ప్యాకెట్. యాడ్-ఆన్‌లో ఒక ప్యాకెట్ పెడితే 1.64 ప్యాకెట్ల విలువైన చిప్స్ వచ్చాయి. కాబట్టి యాడ్-ఆన్ దాదాపు ఎప్పుడూ తీసుకోవాల్సిందే, చిప్స్ తక్కువున్నవాడైతే మరీనూ. ప్రైజులు చాలామందికి పంచే టోర్నమెంట్‌లో చిన్న కుప్పలో ఒక్కో చిప్ విలువ ఎక్కువ, పెద్ద కుప్పలో తక్కువ. అందుకే కొండంత చిప్స్ ఉన్నవాడు మాత్రం ఒకసారి ఆలోచించుకోవచ్చు.

రీబై సంగతే నన్ను ఆశ్చర్యపరిచింది. ఒక ప్యాకెట్ పెడితే 0.82 వస్తోంది, నష్టం! మరి ఎందుకు తీసుకోవాలి? రీబై చేస్తేనే యాడ్-ఆన్ దాకా వెళ్తాం. రెండూ కలిపితే 2 ప్యాకెట్లకు 3000 చిప్స్, అంటే 2.45. అది లాభమే, కానీ బ్రేక్ దాకా బతికుంటేనే. బ్రేక్‌కి రెండు నిమిషాల ముందు చేసే రీబై వేరు, పదో నిమిషంలో చేసి పదిహేనో నిమిషంలో మళ్ళీ పోగొట్టుకునేది వేరు. ఇది అందరూ ఒకేలా ఆడతారనుకుని వేసిన లెక్క. టేబుల్ మీద మీకంటే బాగా ఆడేవాళ్ళే ఎక్కువుంటే ఇంకా తగ్గుతుంది.

మొదటి గంటలో జనం చెత్త ముక్కలతో ఆల్-ఇన్ కొడతారు, పోతే రీబై ఉందిగా అని. వాళ్ళని బ్లఫ్ చేయడం వేస్ట్, ఎవరూ ఫోల్డ్ చేయరు. మంచి ముక్కలు వచ్చేదాకా ఆగి, వచ్చాక గట్టిగా పెట్టడమే పని. బ్రేక్ అయ్యాక అదే మనుషులు ఒక్కసారిగా భయస్తులైపోతారు. బ్లఫ్‌లు అప్పుడు దాచుకోవాలి.

మా రూమ్‌మేట్ సెకండ్ వచ్చాడు. 8 ప్యాకెట్లు గెలిచి వారంపాటు కాలర్ ఎగరేశాడు. వాడు పెట్టింది ఎంతో తెలుసా? ఎంట్రీ 1, రీబైలు 7, యాడ్-ఆన్ 1. మొత్తం 9. (నేను నాలుగో స్థానం, 3 ప్యాకెట్లు పోయాయి. నవ్వే అర్హత నాకూ లేదు.)

పెద్ద స్థాయిలోనూ ఇదే గొడవ. లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 2006లో 1,000 డాలర్ల రీబై ఈవెంట్ జరిగింది. కెనడా ప్లేయర్ డేనియల్ నెగ్రాను అందులో 40 సార్లకు పైగా మళ్ళీ కొన్నాడు. గెలిచింది మాత్రం అలెన్ కన్నింగ్‌హామ్. డబ్బున్నవాళ్ళు బ్రేస్‌లెట్‌ని కొనుక్కుంటున్నారనే విమర్శ పెరిగి, 2009లో ఆ సిరీస్ నుంచి రీబై ఈవెంట్లు తీసేశారు. నా దృష్టిలో ఆ విమర్శ సగమే నిజం. ప్రతి రీబైకీ వాడు పూర్తి రేటు కడుతున్నాడు, డిస్కౌంట్ ఏమీ లేదు. ఆ డబ్బంతా ఓపిగ్గా కూర్చున్నవాళ్ళ ప్రైజులోకే వెళ్తుంది. అసలు దెబ్బ ఒక్క ఎంట్రీకే డబ్బు తెచ్చుకుని, పక్కవాడిని చూసి రెండోదానికి చెయ్యి చాపినవాడికి తగులుతుంది.

ఇక ఎక్సెల్ షీట్. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దమ్మ కొడుకు ఒక యాప్‌లో ఆడేవాడు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఇది దానికి ముందు మాట. "వంద రూపాయల టోర్నమెంటే కదరా, మొత్తం మీద లాభంలోనే ఉన్నా" అనేవాడు. లెక్క వేద్దాం అన్నయ్యా, హిస్టరీ పంపు అన్నాను. ఆడినవి 41. ఎంట్రీలు 4,100 రూపాయలు. గెలిచినవి 9,200. అక్కడిదాకా అన్నయ్య చెప్పింది కరెక్టే.

రీబైలు, యాడ్-ఆన్‌లు వేరే ట్యాబ్‌లో ఉన్నాయి. కూడితే 11,300. అంటే వంద రూపాయల టోర్నమెంట్ సగటున 375 పడింది, నికరంగా 6,200 నష్టం.

వైల్ లూప్‌కి ఎగ్జిట్ కండిషన్‌ని లూప్ మొదలయ్యాక, అదీ లోపల కూర్చుని రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ షీట్. ఎన్ని రీబైలో ముందే రాసుకుని కూర్చున్న రోజులు అందులో మూడే ఉన్నాయి. ఆ మూడు రోజుల్లో కూడా గెలవలేదు, కానీ ఒక్కో రోజు పోయింది 300 దాటలేదు.

షీట్ పంపాక చాలాసేపు రిప్లై రాలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ముందు క్యాంపస్ కబుర్లు అడిగాడు, సెమ్ ఎగ్జామ్స్ ఎప్పుడన్నాడు. పెట్టేసే ముందు మాత్రం, "పెద్దమ్మకి చెప్పకురా" అన్నాడు.