గడగడా చదువుతుంది, అడిగితే చెప్పదు

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా పాప మూడో తరగతి. తెలుగు పాఠం ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివేస్తుంది. "ఏం అర్థమైందే?" అంటే మాత్రం నోరు విప్పదు. చిత్రంగా, నోట్సులో జవాబులన్నీ కరెక్టే. శ్రద్ధ లేకనా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: శ్రద్ధ లేని పిల్లకు గడగడా చదవడమూ రాదమ్మా. ముందు ఆ నోట్సు సంగతి చూద్దాం. 'లొటారం గింకును చెమిరింది.' ఇప్పుడు ప్రశ్న: లొటారం దేన్ని చెమిరింది? 'గింకును' అని మీరూ ఠక్కున రాసేస్తారు. టీచరు రైటు కొడతారు. లొటారమంటే ఏమిటో మీకూ తెలీదు, నాకూ తెలీదు, ఎందుకంటే అలాంటిదేదీ లేదు. పాఠం చివరి ప్రశ్నల్లో చాలావాటికి పిల్లలు ఇలాగే రాస్తారు. ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం దించేయడమే.

1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని గుణకారంగా చూపించారు. రాతను మాటలుగా పలకగలగడం ఒకటి, అవే మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలగడం రెండు. ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. మన బడుల్లో ధ్యాసంతా మొదటిదాని మీదే. గుణింతాలు, వత్తులు పూర్తిగా పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి అది తప్పనను. రెండోది దానంతటదే వస్తుందనుకోవడం దగ్గరే చిక్కు.

మీ పాపకు కొరత ఎక్కడో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. తను చూడని కథ ఒకటి మీరే చదివి వినిపించండి. విని చెప్పగలిగితే భాష ఉన్నట్టే. చదివేటప్పుడు ఓపికంతా అక్షరాలకే పోతోందన్నమాట. చదివిన కథే మరో రెండుసార్లు చదివిస్తే కుదుటపడుతుంది. విన్నా చెప్పలేకపోతే పని భాష దగ్గర మొదలుపెట్టాలి.

ఎలాగంటే, ఇది చూడండి. 'మల్లి బంతి మూలన పడేసి మూతి ముడుచుకుంది. అమ్మ లోపలికొచ్చి గొడుగు వసారాలో ఆరబెట్టింది. దగ్గరికి పిలిచి తల నిమిరింది.' ఇందులో వాన అన్న మాటే లేదు, ఆట ఆగిపోయిందనీ లేదు. మూడో వాక్యంలోనైతే ఎవరు పిలిచారో, ఎవరి తల నిమిరారో కూడా లేదు. మనం మాట్లాడేదీ అలాగే, తెలిసినవాళ్ల పేర్లు మళ్లీ మళ్లీ చెప్పం. ఆ ఖాళీలు పూరించుకోవడమే అర్థం చేసుకోవడం. "మల్లికి కోపమెందుకు వచ్చింది?" అని అడిగి ఊరుకోండి. మనం అడిగీ అడగకముందే జవాబు అందించేస్తాం, అదొక జబ్బు. పాప తప్పు చెప్తే "నీకలా ఎందుకనిపించింది?" అనండి. ఒక్క పేజీ మీద ఇలా మాట్లాడుకోవడం పది పేజీలు అప్పజెప్పించడం కన్నా మేలు.

ప్రశ్న: బాబు ఒకటో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడమని బళ్లో చెప్పారు. మా ఇద్దరిదీ అంతంతమాత్రం ఇంగ్లీషు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ సలహా పక్కన పెట్టండి. అంతంతమాత్రం ఇంగ్లీషుతో ఇంట్లో మిగిలేది 'కమ్, ఈట్, హోంవర్క్' అంతే. 'ఒకవేళ', 'అందుకని', 'అయినా సరే' అని వాదించడం పిల్లాడు ఎక్కడ నేర్చుకుంటాడు? పై తరగతుల పాఠాలన్నీ నడిచేది వాటి మీదే. ఒక భాషలో గట్టిపడిన అవగాహన రెండో భాషకూ అక్కరకొస్తుందని జిమ్ కమిన్స్ 1979లోనే రాశారు. నీళ్లు ఆవిరవడం గురించి తెలుగులో తెలిసిన పిల్లాడు ఇంగ్లీషులో ఆ మాట ఒక్కటే నేర్చుకుంటే చాలు. తెలియనివాడు మాటతోపాటు సంగతీ నేర్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మీ బడి పుస్తకాలు వేరైనా ఒకటి సంపాదించండి. ముందు తెలుగు పేజీ చదివి, దాని మీద కబుర్లు చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. ఇంగ్లీషు గట్టిగా నేర్పడం బడి పని. ఫీజు కట్టించుకునేది అందుకేగా!

ప్రశ్న: మా పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు. తెలుగు పాఠం చదువుతారు గానీ ఒక్క ముక్క అర్థం కాదు.
– ఒక ఉపాధ్యాయుడు, ఉట్నూరు ప్రాంతం

జవాబు: మాస్టారూ, పుస్తకం తెరిచే ముందే ఆ కథను పెద్ద తరగతి పిల్లలెవరి చేతనైనా గోండిలో చెప్పించండి. పాఠమయ్యాక జవాబూ గోండిలో చెప్పనివ్వండి. అర్థమైందో లేదో తేలాక, దాన్ని తెలుగులో ఎలా అంటామో నేర్పవచ్చు. మీ దగ్గర ఇది కొత్తేమీ కాదు. 1940ల్లోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండి వాచకాలతో చదువు మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి గోండి, కోయ, సవర వంటి భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు వేశారు. చుట్టుపక్కల పాత బడుల బీరువాల్లో అవి దొరుకుతాయేమో అడిగి చూడండి.