మృగశిరలో కూజా మొక్కకు మళ్లీ ప్రాణం

రోహిణి కార్తె ఎండలు, వడగాలులు దాటి మృగశిరలోకి వచ్చాం. ఈ ఎండాకాలం ఇళ్లలో బాగా దెబ్బతిన్న మొక్కల్లో కూజా మొక్క ఒకటి. నర్సరీల్లో నెపెంథిస్ పేరుతో, వేలాడే తొట్లలో అమ్మే కీటకాహార మొక్క ఇదే. కూజాలు ఎండిపోయి కొత్తవి రావడం లేదని దాన్ని పారేయకండి. గాలిలో తేమ పెరిగి, వాన నీళ్లు చేతికందే ఈ రోజుల్లో అది తేరుకున్నంత బాగా ఏడాదిలో మరెప్పుడూ తేరుకోదు.

ముందు చూడాల్సింది ఎండిన పాత కూజాను కాదు, అన్నిటికన్నా కొత్త ఆకును. కూజాకు ఆయుష్షు కొన్ని నెలలే. మూత దగ్గర మొదలై కిందికి గోధుమరంగుకు తిరిగితే అది ముసలితనం. ఎండినంత మేరకు కత్తిరించి, పచ్చగా ఉన్న ఆకును వదిలేయండి. అసలు జబ్బు కొత్త ఆకు దగ్గర తెలుస్తుంది. ఆకు కొసనుంచి తీగ సాగి, దాని చివర చిన్న మొగ్గ ఉబ్బి, అక్కడే నల్లబడి ఆగిపోతోందంటే గాలి పొడిగా ఉందని అర్థం. ఏసీ గదిలో పెట్టినా ఇదే జరుగుతుంది. ఆకులు ముదురాకుపచ్చగా, పొడవుగా సాగి అసలు మొగ్గే కట్టకపోతే వెలుతురు చాలలేదు. ఆకులు ఎర్రబారి మచ్చలుపడి మాడితే ఎండ ఎక్కువైంది. తూర్పు బాల్కనీలో రెండు మూడు గంటల ఉదయపు ఎండ, ఆ తర్వాత 50 శాతం షేడ్‌నెట్ నీడ దీనికి సరిపోతాయి.

ఇవేవీ కాకుండా ఆకుల అంచులు, కొసలు ఎండుతూ, తొట్టి అంచున తెల్లటి పొర కడుతోందా? అది ఉప్పు పేరుకోవడం. మన ఊళ్లలో చాలా మొక్కలు చచ్చేది దీనివల్లే. చౌడు నేలలో వరి నారు కొసలు మాడినట్టే ఇదీ మాడుతుంది. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఒక్కటే, ఖాసియానా. అది మేఘాలయ కొండలది. అక్కడి వానలకు పోషకాలన్నీ కొట్టుకుపోయిన ఆమ్ల నేలల్లో పెరిగి, మట్టిలో దొరకని నత్రజనిని పురుగులనుంచి తీసుకోవడం నేర్చుకుంది. అందుకే నెపెంథిస్ వేళ్లు లవణాలను తట్టుకోలేవు. ఆకు పసుపుబారితే చిటికెడు యూరియా వేయడం మనకు చేతి అలవాటు. వర్మీకంపోస్టు, పశువుల ఎరువు, ఎర్రమట్టి ప్రేమతోనే వేస్తాం. గులాబీకి బలమిచ్చే ఆ ఎరువే దీని వేళ్లను కాల్చేస్తుంది. దయచేసి ఈ మొక్క తొట్టిలో ఎరువు వేయకండి.

ఇక నీళ్లు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది, ఒకటి కొనండి. అది 50 లోపు చూపితే నిశ్చింత, 100 దాకా ఫర్వాలేదు. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఆర్వో నీళ్లయినా కొలిచే పోయండి, రుచి కోసం కొన్ని యంత్రాలు లవణాలను తిరిగి కలుపుతాయి. వాన నీళ్లకు మించినవి లేవు. డాబా మీది దుమ్ము కడుక్కుపోయేలా తొలి జల్లులు వదిలేసి, తర్వాతి వానలు పట్టి మూతపెట్టి దాచుకోండి. ఇప్పటికే ఉప్పు పేరుకున్న తొట్టిలో, తొట్టి పరిమాణానికి మూడింతల వాన నీళ్లు నెమ్మదిగా పోసి అడుగునుంచి కారిపోనివ్వాలి. కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి.

మొక్క వాడిపోయి, తడిపినా లేవకపోతే మెల్లగా తొట్టినుంచి తీసి వేళ్లు చూడండి. నల్లగా ఉన్నాయని కంగారుపడి కత్తిరించవద్దు. ఆరోగ్యంగా ఉన్నప్పుడూ నెపెంథిస్ వేళ్లు సన్నగా, నల్లగానే ఉంటాయి. నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తబడి, పైతొక్క జారిపోతూ, కుళ్లు వాసన వస్తే ఆ మేరకు మాత్రమే తీసేయాలి.

కొత్త తొట్టిలో పొడవు పీచు స్ఫాగ్నమ్ నాచు సగం, పెర్లైట్ సగం కలిపి నింపండి. నాచు ఖరీదనిపిస్తే కొంతభాగం కొబ్బరి డొక్క ముక్కలు వాడవచ్చు. కానీ కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలుంటాయి. నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, వడిచిన నీటి టీడీఎస్ తగ్గేదాకా కడగాలి. మట్టికుండ కన్నా ప్లాస్టిక్ తొట్టి మేలు, గోడల్లోకి ఉప్పు ఇంకదు. నాటాక పల్చని పాలిథిన్ సంచి పైన వదులుగా కప్పి నీడలో ఉంచి, కొత్త చిగురు కదిలాక రోజుకు కాస్త కాస్త తెరవండి. కప్పి మరిచిపోతే ఈ ముసురు రోజుల్లో బూజు పడుతుంది.

ఆకు మలుపుల్లో తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి. కాసిని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిస్తే చాలు. చిగుళ్లు గిడసబారి వెండి చారలు కనిపిస్తే తామర పురుగులు. ఉధృతి ఎక్కువైతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ మందును లీటరు వాన నీటికి 0.3 మి.లీ. చొప్పున కలిపి, సాయంత్రం పూట ఆరుబయట, చేతులకు తొడుగులతో పిచికారీ చేయాలి. ఇది విషం, పిల్లలకు అందనివ్వకండి.

నీరసించిందని మాంసం ముక్కలు, పనీరు కూజాల్లో వేసేవారున్నారు. అవి కుళ్లి కూజాను చంపుతాయి. తేరుకునేదాకా ఏమీ పెట్టవద్దు, తర్వాత చీమలను అదే పట్టుకుంటుంది. రవాణాలో కూజాల ద్రవం ఒలికిపోతే అడుగున కొద్దిగా వాన నీరు పోయండి.

ఒక్క విషయంలో ఓపిక తప్పదు. ఒకసారి మొగ్గ మాడిన ఆకుకు మళ్లీ కూజా రాదు. ఫలితం కొత్తగా వచ్చే ఆకుల మీదే కనిపిస్తుంది, దానికి రెండు మూడు నెలలు పడుతుంది. వేళ్లన్నీ పోయినా, కాండాన్ని గోటితో గీరితే పచ్చగా ఉందంటే రెండు మూడు కణుపుల ముక్కలు కోసి, ఆకులను సగానికి కత్తిరించి, తడి నాచులో గుచ్చి సంచి కప్పండి. నెలా రెండు నెలల్లో వేరు పడుతుంది.

ఆశ పూర్తిగా పోయి కొత్తది కొనాలనుకుంటే వెంట్రాటా సంకరం అడగండి, మన వేడిని బాగా ఓర్చుకుంటుంది. ఖాసియానా అని అమ్మజూపితే నర్సరీలో పెంచినదేనా అని గట్టిగా అడిగి, కాగితాలు చూడండి. అది అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం ఒకటో అనుబంధంలో, మన వన్యప్రాణి రక్షణ చట్టంలో ఉన్న మొక్క. గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర దానికోసమే ఒక అభయారణ్యం ఉంది. అడవినుంచి పెరికి తెచ్చినదైతే ఎంత చవకైనా కొనకండి.