వానపాముల మేత: ఎదుగుదలకు, సంతానోత్పత్తికి అదే ఆధారం

ఖరీఫ్ వరి నూర్పిళ్లు ముగిసి, కళ్లాల దగ్గర గడ్డి, పొట్టు, ఆకుచెత్త సమృద్ధిగా దొరికే జనవరి, ఫిబ్రవరి నెలలు వర్మీకంపోస్టు తొట్లకు మేత సిద్ధం చేసుకోవడానికి అనువైన కాలం. వానపాములు వృద్ధి చెందనప్పుడు తెచ్చిన పాములనే తప్పుపట్టడం పరిపాటి అయినా, తరచుగా అసలు లోపం వాటికి వేసే మేతలోనే ఉంటుంది.

ఎరువు తయారీలో విరివిగా వాడే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే రకాలు కుళ్లుతున్న పదార్థంతో పాటు దానిపై పెరిగే బాక్టీరియాను, బూజును కూడా జీర్ణించుకొని పోషణ పొందుతాయి. పోషణ చాలినప్పుడు పాము బరువు పెరిగి, దేహం ముందుభాగంలో క్లైటెల్లం అనే ఉబ్బెత్తు పట్టీ ఏర్పడుతుంది. గుడ్లుండే కకూన్ అనే తిత్తి తయారయ్యేది ఈ పట్టీ నుంచే. అనుకూల పరిస్థితుల్లో ఐసీనియా ఫెటిడా 6 నుంచి 8 వారాల్లో ఈ దశకు చేరుతుంది. కకూన్ల నుంచి సుమారు 3 వారాల్లో పిల్లలు వెలువడతాయి. మేత తరిగితే మాత్రం బరువు తగ్గి, పట్టీ క్షీణించి, కకూన్లు పెట్టడం ఆగిపోతుంది.

మేతల్లో మాగిన పశువుల పేడ మేలైనది. వరిగడ్డి, రంపపు పొట్టులలో కర్బనం, లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువగా, నత్రజని తక్కువగా ఉండడం వల్ల వాటినే వేస్తే పాములు ఆలస్యంగా ఎదిగి, కకూన్లు కొద్దిగానే పెడతాయి. కోళ్ల ఎరువులో నత్రజని ఎక్కువే అయినా, అందులోని అమ్మోనియా, లవణాలు పాములను చంపగలవు కనుక దానిని మాగకుండా వేయరాదు. నిమ్మజాతి తొక్కలు, ఉప్పు, నూనె కలిసిన వంటింటి వ్యర్థాలు, పురుగుమందు చల్లిన పంట చెత్త కూడా పనికిరావు.

మేతలో కర్బనం నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉండేలా, ముక్కలు చేసిన గడ్డికి గిరిపుష్పం వంటి పప్పుజాతి ఆకులను, దాదాపు గడ్డికి సమానంగా పేడను కలిపి, నీళ్లు చల్లుతూ, తిరగవేస్తూ 15 నుంచి 20 రోజులు మాగనివ్వాలి. పచ్చిపేడ నుంచి పుట్టే వేడి, అమ్మోనియా తగ్గి, కుప్ప లోపల చేయి పెడితే చల్లగా తగిలినప్పుడు ముందుగా కొద్ది పాములనే వదలాలి. అవి మరునాటికి లోపలికి దిగితే మేత సిద్ధమైనట్లు, అంచులకు పాకితే ఇంకా మాగవలసి ఉన్నట్లు గ్రహించాలి. తేమను 60 నుంచి 70 శాతం దగ్గర నిలుపుతూ, ఎండలు ముదిరేలోగా తొట్టిపై పందిరి వేసి, తడి గోనెసంచులు కప్పాలి.

పాత మేత పూర్తిగా ఎరువుగా మారకముందే కొత్త మేతను పలుచని పొరగా అందిస్తూ ఉంటే, తొలకరి నాటికి పొలానికి ఎరువు, తదుపరి తొట్టికి పాములు రెండూ సమకూరుతాయి. అందువల్ల రైతులు కొత్త పాములను కొనడానికి ముందు తొట్టిలోని మేతను సరిచూసుకోవాలి.