హైడీ: పిన్నలకును పెద్దలకును ఒక కథ

1880వ సంవత్సరమున జర్మనీ దేశములోని గోతా పట్టణమునుండి ఒక కథాపుస్తకము వెలువడెను. దానిపై రచయిత్రి పేరు లేదు. కాని ఆ కథ యెవరికొఱకు వ్రాయబడినదో మాత్రము ముఖపత్రముననే ముద్రింపబడి యుండెను. అది పిల్లలకొఱకును, పిల్లలను ప్రేమించువారి కొఱకును వ్రాసిన కథయట! నాటినుండి నేటివరకు అనేక దేశములలో పిల్లలును తల్లిదండ్రులును దానిని చదువుచునే యున్నారు. ఆ పుస్తకము పేరు 'హైడీ'.

దానిని రచించినది జోహన్నా స్పైరీ. ఆమె 1827వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమున, జూరిక్ నగర సమీపమునగల హిర్జెల్ గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు, తల్లి భక్తిగీతములు వ్రాసిన కవయిత్రి. 'హైడీ' రెండవ భాగము 1881లో వెలువడెను. మొదటి భాగమున హైడీ విద్య నేర్చుకొనును. రెండవ భాగమున తాను నేర్చినదానిని పదిమందికొఱకు వినియోగించును. చదువనగా నేమి, అది యెవరికొఱకు అను ప్రశ్నయే ఈ కథకు ప్రాణము.

హైడీ తల్లిదండ్రులు లేని పిల్ల. ఆమెకు అయిదేండ్ల వయస్సున, పెంచుచున్న పినతల్లి దేతె పట్టణమున కొలువు దొరకినందున, ఆ పిల్లను ఆల్ప్సు పర్వతముపై నివసించు తాతకు అప్పగించి పోయెను. ఆ తాత ఊరివారితో పొత్తు మాని, కొండమీద కుటీరము కట్టుకొని, రెండు మేకలను పెంచుకొనుచు ఒంటరిగా కాలము గడుపుచుండెను. ఆయనను చూచి గ్రామస్థులు భయపడుచుండిరి. హైడీ భయపడలేదు. మోయుట కిష్టము లేక పినతల్లి తొడిగిన బరువైన దుస్తులను దారిలోనే విప్పి, కుప్పగా పేర్చి, తేలికగా మేకలతోపాటు కొండ యెక్కెను. అటకపై ఎండుగడ్డితో పక్క వేయించుకొని, గుండ్రని కిటికీనుండి లోయను చూచుచు నిద్రపోయెను.

మేకలకాపరి పీటరు ఆమెకు స్నేహితుడు. అతని అవ్వకు చూపు లేదు. గాలి వీచినప్పుడెల్ల ఆ పాత యింటి కిటికీ రెక్కలు కొట్టుకొనుచుండ, ఇల్లు కూలునేమో యని ఆ ముసలమ్మ బెంగపడుచుండెను. హైడీ ఈ సంగతి తాతకు చెప్పెను. మరునాడే ఆయన సుత్తియు మేకులును తెచ్చి అన్నిటిని బిగించెను. ఎవరి గడపయు త్రొక్కని మనిషిని పొరుగువారి యింటికి తెచ్చినది ఆ పసిపిల్ల మాటయే.

అయినను తాత ఒక తప్పు చేసెను. ఎనిమిదవ యేడు వచ్చినను హైడీని బడికి పంపలేదు. గ్రామమతాచార్యుడు కొండ యెక్కి వచ్చి నచ్చజెప్పినను వినలేదు. మేకలతోను పక్షులతోను పెరుగు పిల్లకు చెడుగు అంటదని ఆయన తలంపు. ప్రేమయున్నను, పిల్లకు కావలసినదేదో ఆయన ఆలోచింపలేదు. ఇంతలో దేతె మరల వచ్చి, అవ్వకొఱకు మెత్తని తెల్లరొట్టెలు తేవచ్చునని ఆశపెట్టి, హైడీని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు తీసికొనిపోయెను. ఆ అవ్వ గట్టి నల్లరొట్టెను నమలలేకుండెను.

ఫ్రాంక్‌ఫర్టున హైడీ యున్నది ఒక ధనవంతుని గృహము. ఆ యింటిపిల్ల క్లారా నడువలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండును. ఆమెకు తోడుగా హైడీని ఉంచిరి. ఇంటి పెత్తనము చేయు రోటెన్‌మయరు మిక్కిలి కఠినురాలు. హైడీ ప్రతిపూట తన వంతు రొట్టెను అవ్వకొఱకు బీరువాలో దాచుకొనగా, ఆమె వానిని చూచి పారవేయించెను. ఉపాధ్యాయుడు ఎంత చెప్పినను హైడీకి అక్షరములు రాలేదు. ఆ పిల్లకు బుద్ధి లేదని పెద్దలు నిశ్చయించిరి.

అప్పుడు క్లారా నాయనమ్మ వచ్చెను. ఆమె హైడీని దగ్గరకు తీసికొని, చదువు రాకపోవుటకు కారణమేమని అడిగెను. చదువుట ఎవరికిని సాధ్యము కాదని పీటరు చెప్పెనని హైడీ బదులు చెప్పెను. ఆ బాలుడు తన అనుభవముతో అన్న మాటను ఈ పిల్ల సత్యమని నమ్మినది! నాయనమ్మ ఒక బొమ్మల పుస్తకము చూపి, చదువ నేర్చినచో అది నీదే యగునని పలికెను. అందు పచ్చిక బయలున మందను కాయు కాపరి బొమ్మ యుండెను. కొన్నాళ్లకే హైడీ చదువసాగెను. చూడుడు: ఆ యింట పాఠము చెప్పువారుండిరి, మందలించువారుండిరి, కారణ మడిగినది నాయనమ్మ యొక్కతెయే.

చదువు వచ్చినను హైడీకి కొండపై బెంగ తీరలేదు. ఏడ్చుట కృతఘ్నత యని పెద్దలనగా దుఃఖమును మ్రింగుకొనెను. రాత్రులయందు వీధితలుపు తెఱచియుండుట చూచి సేవకులు దయ్యమని వణకిరి. క్లారా తండ్రియు వైద్యుడును కాపుండి చూడగా, తెల్లని రాత్రిదుస్తులలో నిద్రలో నడచుచున్న హైడీ కనబడెను. ఈ వ్యాధికి స్వస్థలమే మందని వైద్యుడు చెప్పెను. వెంటనే ఆమెను కొండకు పంపిరి.

రొట్టెలతో తిరిగివచ్చిన హైడీ, అవ్వ చెంత కూర్చుండి పాత కీర్తనల పుస్తకము తెఱచి చదివెను. ఎన్నియో యేండ్లుగా వినగోరిన పాటలు చెవిని పడగా ఆ ముసలమ్మ ముఖము వికసించెను. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని కథను హైడీ తాతకు చదివి వినిపించెను. మరునాడు ఆయన ఊరిలోనికి దిగివచ్చి అందఱితోను కలసికొనెను. పిమ్మట శీతకాలమున ఆమె పీటరుకును అక్షరములు నేర్పెను. కాని ఆ గడుసువాడు అవ్వకు చదువునపుడు కష్టమైన మాటలను దాటవేయుచుండెను! పాటలో నామవాచకములు మిగులకుండెను.

తరువాత క్లారా కొండకు వచ్చెను. అసూయపడిన పీటరు ఆమె కుర్చీని లోయలోనికి త్రోసివేసెను. కుర్చీ లేనందున ఆమె మిత్రుల భుజములపై చేతులు వైచి అడుగులు వేయనారంభించెను. పీటరు దోషమును నాయనమ్మ తెలిసికొని, మందలించి, క్షమించెను. కొండగాలియు మేకపాలును అందఱి అంగవైకల్యమును మాన్పజాలవు. నడువలేనివారి జీవితము తక్కువయును కాదు. ఈ భాగమును చదువునపుడు పెద్దలు పిల్లలకు ఈ మాట చెప్పవలెను.

1974లో జపాను దేశమువారు ఈ కథను చలనచిత్రమాలికగా తీసి దూరదర్శినిలో ప్రసారము చేసిరి. 2023లో హైడీకిని రచయిత్రికిని సంబంధించిన పత్రభాండారములను యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను.

ఈ పుస్తకము 23 ప్రకరణములుగా నున్నది. రాత్రి భోజనమైన పిదప దినమునకొక ప్రకరణము చొప్పున చదివినచో నెలలోపుననే ముగియును. పిల్లలు బిగ్గరగా చదువుదురు గాక. పెద్దలు విందురు గాక. పిల్లలకు మేకలును కొండయు నచ్చును. హైడీ మౌనముగా ఏడ్చిన ఘట్టము వచ్చినపుడు పెద్దలు తమ యింటి పిల్లలవంక ఒకమారు చూతురు. ఇంట చూపు మందగించిన అవ్వయో తాతయో ఉన్నచో, వారి చెంతనే కూర్చుండి చదువుట మేలు. పీటరువలె మాటలు దాటవేయరాదు సుమా!